ఆరు తాబేళ్ళ అచ్చు

1, సోమవారం

ఇంట్లో చాక్లెట్లు చేసి అమ్మే పిన్ని ఇవాళ పెద్ద ఆర్డర్ ఒప్పుకుంది. అరవై చాక్లెట్ తాబేళ్ళు. పద్నాలుగో తేదీ ఆదివారానికి.

అడిగినావిడ లాయరు. నల్లకోటుతోనే వచ్చింది. చేతిలో గుడ్డతో కుట్టిన తాబేలు, ఒక కన్ను ఊడిపోయింది. "మా పాపది. ఆస్పత్రిలో ఎనిమిది నెలలు దీన్ని పట్టుకునే పడుకుంది," అంది. ఆదివారం ఇంట్లో పార్టీ అట. వార్డు నర్సులు, పాప క్లాసు పిల్లలు వస్తారట.

"ఇప్పుడు బాగుందా అండీ?" అంది పిన్ని.

"మందులు అయిపోయాయి. ఒంట్లో శక్తి ఇంకా రాలేదు. ఏం పెట్టినా డాక్టర్ని అడిగే పెడుతున్నాం. మొన్ననే చాక్లెట్‌కి సరేనన్నారు. శుభ్రంగా చేసేవాళ్ళ దగ్గర చేయించమన్నారు. మీరు శుభ్రంగా చేస్తారని విన్నాను."

ఆవిడ నవ్వలేదు. పిన్ని మాత్రం రెండు చేతులూ పైకెత్తేసింది.

"మీరు నిశ్చింతగా వెళ్ళండి. ఇదిగో, మా అక్క కూతురు. బొమ్మ చేసిందంటే లేచి నడవాల్సిందే."

అబద్ధం. నేను ఇంతవరకు చేసిందల్లా బిస్కెట్ల మీద క్రీముతో అక్షరాలు రాయడం. ఆవిడ నన్ను తేరిపార చూసింది. నేను బల్ల తుడిచాను. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాను.

2, మంగళవారం

గ్రంథాలయంలో జంతువుల పుస్తకం తీసుకొచ్చాను. తాబేలు వీపు మీద పెద్ద పలకలు పదమూడు. ఎవరూ లెక్కపెట్టరు. నేను పెట్టాను.

స్టేషనరీ షాపులో బొమ్మల మట్టి కొని, బొటనవేలంత తాబేళ్ళు ఆరు చేశాను. పలకల గీతలకి సూది, కళ్ళకి బాల్‌పెన్ను మొన. నాలుగో దాని తల ఎడమకి తిరిగింది. సరిచేద్దామనుకుని వదిలేశాను. ఎవరో పిలిస్తే చూస్తున్నట్టుంది.

బాబాయి ఆఫీసు నుంచి వస్తూనే వంగి చూశాడు. "ఏమ్మా మౌనమునీ, వీటికైనా నోరు పెట్టావా, నీలాగేనా?"

"పెట్టాను బాబాయ్."

"వినపడలేదు."

"పెట్టాను."

"తాబేలే నయం," అన్నాడు. పిన్ని గరిటెతో అతని చేతి మీద ఒక్కటిచ్చింది.

బడిలో పాఠం చెప్పే ఉద్యోగం తొమ్మిది రోజులకే మానేసి ఇక్కడికి వచ్చి ఐదు నెలలైంది. చివరి బెంచీ పిల్లలకి నా గొంతు ఒక్కరోజు కూడా వినపడలేదు. ఈ ఐదు నెలల్లో పిన్ని ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడం కూడా నాకు తెలుస్తూనే ఉంటుంది.

కానీ ఇవాళ ఆ ఆరింటినీ గాజు పలక మీద వరసగా పెట్టి, పిన్ని ఒక్కోదాన్నీ వేలితో తిప్పి చూసింది. తర్వాత, "నువ్వే చేశావా?" అంది.

నేనే.

4, గురువారం

గట్టిపడలేదు.

నిన్న మట్టి తాబేళ్ళున్న గాజు పలక చుట్టూ అట్టతో గోడ కట్టి, సందుల్లో మైనం పెట్టి, రబ్బరు అచ్చుకి వాడే సిలికోన్ రెండు భాగాలూ సమానంగా తూచి కలిపాను. బుడగలు రాకుండా ఒక మూల నుంచి సన్నటి ధారగా పోశాను. డబ్బా మీద రాసి ఉన్నట్టే చేశాను. ఇవాళ తీస్తే పైన రబ్బరు, మట్టి తగిలిన చోటంతా జిగురు. తాబేళ్ళ మొహాలకి తెమడలా అంటుకుంది. డబ్బా మొత్తం పోయింది.

5, శుక్రవారం

పిన్ని సిలికోన్ పంపించే కంపెనీకి ఫోన్ చేసింది. నా మట్టిలో గంధకం కలిసి ఉంటుందట. తిండి అచ్చులకి వాడే ఈ రకం సిలికోన్ గంధకం తగిలితే గట్టిపడదట. మట్టి మార్చమన్నాడు. ఇంకో డబ్బా పదహారో తేదీకి గానీ రాదన్నాడు.

"పోనీలే అమ్మడూ. గుండ్రటి అచ్చులు ఉన్నాయిగా. వాటిలో పోసి పైన తాబేలు గీసేద్దాం. ఆవిడకి చెప్తాను."

"వద్దు పిన్నీ."

పిన్ని ఆశ్చర్యంగా చూసింది. నేను వద్దు అనడం ఆవిడ ఎప్పుడూ వినలేదు.

"రేపు మార్కెట్‌కి వెళ్ళి నేను తెస్తాను," అన్నాను.

6, శనివారం

బొమ్మల సామాను షాపు మార్కెట్ వెనక వీధిలో ఉంది. బస్సులో దారి పొడుగునా ఒకటే వాక్యం అనుకుంటూ వెళ్ళాను. తినేవాటికి వాడే సిలికోన్ ఉందా అండీ. ఏడు సార్లో ఎనిమిది సార్లో అనుకున్నాను. కష్టమైన మాట ఒక్కటీ లేదు.

షాపతను చెవి మీద పెన్సిల్ పెట్టుకుని ఉన్నాడు. నా వెనక ఇద్దరు మగవాళ్ళు.

"చెప్పమ్మా."

"సిలికోన్."

"దేనికి?"

"అచ్చుకి."

"అచ్చులో ఏం పోస్తావ్? ప్లాస్టరా, కొవ్వొత్తులా?"

వెనక నుంచి ఒకతను, "కాస్త తొందరగా కానివ్వమ్మా, మా బండి రోడ్డుకి అడ్డంగా ఉంది," అన్నాడు. రెండో అతను నవ్వాడు. నన్ను చూసి నవ్వలేదేమో.

"చిన్న బొమ్మలు," అన్నాను.

"బొమ్మలకైతే ఇదే. ఏ మట్టి మీద పోసినా పట్టేస్తుంది. వంద బొమ్మలు తీసుకో, చెక్కుచెదరదు."

ఒక అట్టపెట్టె. అందులో తెల్లటి ముద్ద ఉన్న డబ్బా, గట్టిపడే మందు చిన్న సీసా. వేరే రకం ఉందా అని అడగాలనే అనుకున్నాను. అప్పటికే వెనకతను ముందుకొచ్చేశాడు.

పెట్టెలో కాగితం ఏమీ ఇవ్వలేదు.

మట్టి తాబేళ్ళని కడిగి, గీతలు మళ్ళీ దిద్ది, సాయంత్రం పోశాను.

7, ఆదివారం

వచ్చింది! అట్ట గోడ ఊడదీసి మెల్లగా వెనక్కి వంచితే చప్ మని వదిలింది. ఆరు గుంటలు. వెలుతురులో పెట్టి చూస్తే ప్రతి గుంటలో పదమూడు పలకలు, సూది గీతలు, బాల్‌పెన్ను కళ్ళు. నాలుగోది ఎడమకి చూస్తోంది. నేను ఇంత బాగా ఏదీ చేయలేదు.

కొంచెం వాసన ఉంది. కొత్త చెప్పుల పెట్టె తెరిచినట్టు. కొత్తది కదా.

8, సోమవారం

మరిగే నీళ్ళలో మూడుసార్లు వేసి తీశాను. వాసన తగ్గింది.

తగ్గింది.

9, మంగళవారం

పిన్ని చాక్లెట్ కరిగించి, పాలరాతి పలక మీద చల్లార్చి, మళ్ళీ కాస్త వెచ్చచేసి ఇచ్చింది. నేను పోశాను. ఫ్రిజ్‌లో పెట్టి తీసి, అచ్చు తిరగేసి వంచితే ఆరు తాబేళ్ళు గాజు మీద పడ్డాయి. మెరుస్తూ.

"అమ్మ దొంగా!" అంది పిన్ని. "ఇన్నాళ్ళూ ఇదంతా ఎక్కడ దాచావే?" నా తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఒకటి నేను తిన్నాను. ఒకటి పిన్ని. బాబాయి రెండు. మిగతా రెండూ పిన్ని ఎదురింటి టైలరమ్మకి ఇచ్చి వచ్చింది. "మా పిల్ల చేసింది" అని చెప్పడం ఇక్కడికి వినపడింది.

మధ్యాహ్నం పెట్టె పారేయబోతుంటే అడుగున మడత పెట్టిన కాగితం కనపడింది. చిన్న అక్షరాలు. చివరి నుంచి మూడో వాక్యం: ఈ అచ్చులు ఆహార పదార్థాల తయారీకి పనికిరావు.

పొట్లం కట్టిన కాగితం కూడా చదివేదాన్ని నేను. దీన్ని ఎలా చూడలేదో.

10, బుధవారం

నాకు ఏమీ కాలేదు. నిన్న ఒకటి, ఇవాళ ఇంకో రెండు తిన్నాను, చూద్దామని. పొద్దున కాస్త తలనొప్పి. అది నిద్ర లేక.

బాబాయి ఆఫీసుకి వెళ్ళలేదు. కడుపులో తిప్పుతోందట. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి విన్నాను.

"నిన్న ఏం తిన్నారు?" అని పిన్ని.

"ఏం తింటాను? నువ్వు పెట్టిందే."

"నేను పెట్టింది నేనూ తిన్నాగా! ఆఫీసులో ఏం తిన్నారో చెప్పండి."

"ఏదో... ఎవరిదో పదవీ విరమణ. నాలుగు సమోసాలు."

"నాలుగే?"

"ఆరు."

"ఆరు సమోసాలు తిని, నా వంటకి వంక పెడతారా?"

సమోసాలే. సమోసాలే అయి ఉంటుంది. వీధిలోకి వెళ్ళి టైలరమ్మ మిషను శబ్దం వస్తోందా అని చెవి పెట్టాను. వస్తోంది. గంటకోసారి వెళ్ళాను. మూడోసారి ఆవిడే కిటికీలోంచి, "ఏమ్మా, ఏమైనా కుట్టాలా?" అంది. లోపలికి వచ్చేశాను.

మేం పెద్దవాళ్ళం. ఒంట్లో రక్తం బాగున్నవాళ్ళం.

కాన్వెంటులో ప్రతి శుక్రవారం ఆ వారం చేసిన తప్పు చీటీ మీద రాసి, సిస్టర్ బల్ల మీద డబ్బాలో వేయమనేవారు. పేరు అక్కర్లేదు. పేరు లేకపోయినా నేను చిన్నవే రాసేదాన్ని. పుస్తకం ఆలస్యంగా ఇచ్చాను. ప్రార్థనలో కిటికీ బయటికి చూశాను. అసలువి రాసేదాన్ని కాదు. రాసినట్టే అనిపించేది మాత్రం.

ఇవాళ పిన్నికి చెప్పబోయాను.

"పిన్నీ, ఆ అచ్చు..."

"అబ్బ, ఆ అచ్చు సంగతే చెప్తున్నా ఫోన్లో! పూలషాపు ఆవిడకి హంసలు కావాలట. చేస్తావా?"

చేస్తానన్నాను.

11, గురువారం

అరవై అయ్యాయి. నిన్నా ఇవాళా పోశాను. పది దఫాలు, నేను తిన్నవాటికి ఇంకొకటి. నా చేతులతో నేనే.

మధ్యాహ్నం పెద్ద ట్రే నిండా పేర్చి ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్తుంటే చెయ్యి జారింది. ట్రే బోర్లా పడింది. తాబేళ్ళు విరిగి గ్యాస్ స్టవ్ కిందకీ బీరువా కిందకీ పోయాయి. ఒక్కటి కూడా పనికిరాదు. నాకు ఊపిరి అందింది. ఐదు రోజుల తర్వాత మొదటిసారి.

పిన్ని పరుగున వచ్చింది. నేల చూసింది, నన్ను చూసింది. ఏడుపు వచ్చేస్తోంది నాకు. అది నిజమే.

"దెబ్బ తగిలిందా? కాలు మీద పడలేదుగా?"

"లేదు."

"మరి ఏడుపెందుకే పిచ్చిమొద్దూ? అచ్చు ఉందిగా! రేపు సాయంత్రానికల్లా మళ్ళీ అరవై పోసేయచ్చు. చీపురు ఇటివ్వు."

అచ్చు ఉంది. అవును. బల్ల మీద ఆరు గుంటలతో వెల్లకిలా ఉంది. దానికి ఎన్ని విరిగాయో లెక్క లేదు. వంద అన్నాడు షాపతను.

చెయ్యి జారలేదు.

12, శుక్రవారం

ఆ కాగితం నేను శనివారం తిరుగు బస్సులోనే చదివాను.

మళ్ళీ అరవై అయ్యాయి.

13, శనివారం

రేపు పొద్దున్న తీసుకెళ్తానన్న లాయరమ్మ ఇవాళ పదకొండింటికే వచ్చింది. కూడా పాప ఉంది.

నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. ముందు గదిలోంచి మాటలు వినపడుతున్నాయి. చిన్న గొంతు, కొంచెం బొంగురు.

"ఇవన్నీ నావేనా?"

"నీవే బంగారం. నువ్వు పెట్టినవాళ్ళకే," అంది పిన్ని.

"దీని తలేంటి అటు తిరిగింది?"

"నిన్ను చూసి సిగ్గుపడింది."

పాప నవ్వింది. దగ్గు కలిసిన నవ్వు. నా చేతిలో గిన్నె నీళ్ళలో ఉంది. కుళాయి కట్టలేదు. రేపటి దాకా టైముంది అనుకుంటూ ఉన్నాను ఇంతసేపూ. రేపు తెల్లవారి చెప్దామని. ఉత్తరం రాసి పెట్టెలో పెడదామని కూడా అనుకున్నాను.

"అమ్మా, ఒక్కటి తిననా? ఒక్కటే."

"రేపు అందరితో తిందువుగాని."

"ఇప్పుడు ఒక్కటి, రేపు ఒక్కటి."

"బేరాలాడకు." కొంచెం ఆగి, "తినొచ్చా అండీ? అన్నీ శుభ్రంగానే..." అంది లాయరమ్మ.

"దానికేమండీ. తిను తల్లీ, తిను."

నేను ముందు గదిలోకి వచ్చాను. పాప కుర్చీలో ఉంది. కాళ్ళు నేలకి అందడం లేదు. తల మీద ఊలు టోపీ, కింద జుట్టు ఇప్పుడిప్పుడే మొలుస్తోంది. మణికట్టు నా రెండు వేళ్ళంత ఉంది. తాబేలు నోటి దగ్గర ఉంది.

"వద్దు," అన్నాను.

ఎవరికీ వినపడలేదు. నాకే వినపడలేదు.

పాప తాబేలు కాలు ఒకటి కొరికింది.

అప్పుడు అరిచాను. నాలోంచి అంత గొంతు వస్తుందని నాకు తెలియదు. "ఉమ్మెయ్! మింగకు! ఉమ్మెయ్!" అరుస్తూనే వెళ్ళి పాప గడ్డం కింద నా అరచెయ్యి పెట్టాను. సబ్బు నీళ్ళతో తడిగా ఉంది. పాప కళ్ళు పెద్దవయ్యాయి. ఉమ్మేసింది. గోరంత చాక్లెట్ ముక్క, దాని చుట్టూ ఉమ్మి. వెచ్చగా.

లాయరమ్మ పాపని తన వైపు లాక్కుంది. "ఏంటిది? ఏమైంది?"

చెయ్యి అలాగే చాచి నిలబడి చెప్పాను. ఇది తిండికి వాడే సిలికోన్ కాదు. విగ్రహాలకి వాడేది. పెట్టెలో కాగితం మీద రాసి ఉంది. పిన్నికి తెలియదు. నాకు ఒక్కదానికే తెలుసు. మొన్న ట్రే కావాలనే పడేశాను. మళ్ళీ పోశాను.



"అక్కా, నేను మింగలేదు. చూడు," అని పాప నోరు తెరిచి చూపించింది. నాలుక మీద గోధుమరంగు మరక ఉంది. పళ్ళు చిన్నవి.

లాయరమ్మ సీసాలో నీళ్ళతో పాప నోరు మూడుసార్లు కడిగించింది. డాక్టర్‌కి ఫోన్ చేసింది. అవతల ఆయన చాలా ప్రశ్నలు వేశాడు. ఆవిడ నన్ను అడిగి, నా జవాబులు ఆయనకి చెప్పింది. చివరికి, "సరే. సరే డాక్టర్. గమనిస్తాను," అంది. సిలికోన్ డబ్బా, కాగితం, రెండూ అడిగి తీసుకుని సంచిలో పెట్టుకుంది. తాబేళ్ళ వైపు చూడలేదు.

"క్షమించండి అమ్మా," అంది పిన్ని. పిన్ని గొంతు నా గొంతులాగే, వినీ వినపడనట్టు ఉంది.

లాయరమ్మ పాపని ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఎనిమిదేళ్ళ పిల్లని అంత సులువుగా ఎత్తుకోవచ్చని నాకు తెలియదు.

పిన్ని కుర్చీలో కూలబడింది.

"నాకు చెప్తే కొరికేదాన్నా?" అంది. "గుండ్రటివి పోద్దామన్నానుగా. అన్నానా లేదా?"

"అన్నావు."

"ఆ టైలరమ్మ మొహం ఎలా చూడను? పూలషాపు ఆవిడకి ఏం చెప్పను? ఆ చేతులతోనే మన ఇంట్లో వాళ్ళకీ పెట్టావు కదే."

నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి కట్టి వచ్చాను. 

"అంత గొంతు ఉంది కదా నీకు," అంది పిన్ని. "నా దగ్గర ఒక్కసారి అరిస్తే పోయేది కదా."

కత్తెర తెచ్చి అచ్చుని ఆరు ముక్కలుగా కత్తిరించాను. కత్తెర సులువుగా దిగలేదు. పిన్ని చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి చెప్పులు వేసుకుని ఎదురింటికి వెళ్ళింది. రమ్మనలేదు. అయినా వెనకే వెళ్ళాను. చెప్పింది నేనే. టైలరమ్మ నోటిలో గుండుసూదులు పెట్టుకుని విన్నది. ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. "నా మనవడు తిన్నాడు రెండూ," అంది. బాగానే ఉన్నాడట. బడికి వెళ్ళాడట. తలుపు మెల్లగానే వేసింది.

14, ఆదివారం

పిన్ని మాట్లాడడం లేదు. బాబాయి ఒకసారి నా గది గుమ్మం దాకా వచ్చి, జోకు ఏదో వెతుక్కుని, దొరకక వెళ్ళిపోయాడు.

ఇవాళే పార్టీ.

నాలుగింటికి ఫోన్ మోగింది. పిన్ని విని, రిసీవర్ నా వైపు చాచింది. "నీకే. ఆవిడ."

వెనక పిల్లల గోల వినపడుతోంది. పాప గొంతు కోసం వెతికాను. అన్నీ ఒకలాగే ఉన్నాయి.

"పాపకి జ్వరం లేదు. వాంతులు లేవు," అంది లాయరమ్మ. "నిన్న ఎక్కువేమీ లోపలికి పోయి ఉండదన్నారు. అది చెప్పడానికి చేయలేదు. ఒకటి అడగాలి. నిన్నటికి నీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"నాలుగు రోజులండీ," అన్నాను. "మంగళవారం నుంచి. పెట్టె అడుగున కాగితం కనపడింది."

"అంటే అచ్చు అయిపోయాక తెలిసింది," అంది. ప్రశ్న కాదు. నా తరఫున ఆవిడే ఏదో వెతుకుతున్నట్టుంది. "సరే. చిన్నదానివి. భయపడ్డావు. నిన్న అరిచావు కాబట్టి..." మాట పూర్తి చేయలేదు. "ఉంటాను," అంది.

ఫోన్ పెట్టేశాను. పిన్ని నా మొహం చూస్తోంది. ఏమందని అడగలేదు గానీ, నిన్నటి నుంచి మొదటిసారి భుజాలు కాస్త కిందకి దిగాయి.

గోడ గడియారం కింద నిలబడ్డాను. ఆవిడ నన్ను క్షమించబోతోంది. ఇంకో నెలకో రెండు నెలలకో. పిన్ని కూడా. చిన్నపిల్ల, భయపడింది, చూసుకోలేదు. ఆ మాట ఇంట్లో తిరుగుతుంది, తర్వాత వీధిలో తిరుగుతుంది, తర్వాత నేను కూడా నమ్ముతాను. ఇప్పటికే సగం నమ్మాను. మంగళవారం ఈ పుస్తకంలో ఎంత చక్కగా రాసుకున్నానో చూడు.



నంబరు ఆర్డరు పుస్తకంలో ఉంది. నేనే తిప్పాను. మూడుసార్లు మోగింది.

"నేనండీ. తాబేళ్ళ అమ్మాయిని."

"చెప్పు."

"నాలుగు రోజులు కాదండీ. ఏడు. శనివారం బస్సులోనే చదివాను. చదివాకే ఇంటికొచ్చి అచ్చు పోశాను."

పిల్లల గోల ఆగలేదు. ఎవరో బెలూను పగలగొట్టారు. పిన్ని కుర్చీలోంచి లేచింది. అడుగుల చప్పుడు నా వెనక వరకు వచ్చి ఆగింది.

నేను ఫోన్ పెట్టలేదు. ఆవిడ పెట్టేదాకా పట్టుకునే ఉన్నాను.